సంచికి గుర్తుండదు

హైమకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: బడికి వెళ్ళిన కూతురు తిరిగి ఇంటికి రాదని. అది కూడా ఈ రోజేనని.

కింద బడిబండి వచ్చి ఆగింది. డ్రైవరు లేని ఆ బండి మూడు నిమిషాలకు మించి ఎవరికోసమూ ఆగదు. హైమ తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

"తప్పుకో అమ్మా, బండెళ్ళిపోద్ది," అంది రెండో తరగతి చదివే లాలిత్య.

"ఇవాళొద్దు తల్లీ. నీ చేతికేసి చూసుకో."

లాలిత్య మణికట్టు మీద గండసూచి వెలుగుతోంది: నూటికి ఒకటి. దారిలోని బళ్ళు, కరెంటు తీగలు, కాలవలు, గాలివాన అన్నీ లెక్కగట్టి, ఆ రోజు బిడ్డకు దెబ్బ తగిలే అవకాశం ఎంతో పొద్దున్నే చెప్పే పట్టీ అది. కాకినాడ రేవు కాలనీలో పిల్లలందరికీ ఒకే రోజున కట్టారు. ఆనాటి నుంచీ అదే అంకె. హైమ రోజుకొక గీత చొప్పున గోడమీద గీస్తూ వచ్చింది. నిన్నటికి తొంభై తొమ్మిది. చదువు ఏడో తరగతితో ఆగిపోయినా ఆమాత్రం కూడిక ఆమెకు వచ్చు.

"నూటికొకటంటే నూరు రోజులకొకసారి. తొంభై తొమ్మిది గడిచిపోయాయి. మిగిలిందేదో నువ్వే చెప్పు."

లాలిత్య నవ్వేసింది. "అయ్యో! నువ్వు తీసిన పిక్కని పక్కన పెట్టేస్తున్నావమ్మా."

"ఏం పిక్క?"

"టీచర్ సంచిలో నూరు చింతపిక్కలేశారు. ఒకదానికే సున్నం రాశారు. ఒకటి తీసి చూసి, మళ్ళీ అందులోనే వేసి కలిపెయ్యాలి. గోవర్ధన్ నల్లవే తీసి తీసి, ఇంక తెల్లదే వచ్చుద్దన్నాడు. రాలేదు. తీసినవన్నీ దాచుకున్నట్టు లెక్కేశాడని పిక్కల సేఠ్ అని ఏడిపించాం. ఎన్నిసార్లు తీశామో సంచికేం గుర్తుంటుంది?"

"మొదటిసారే తెల్లదొస్తే?"

"వస్తే వచ్చుద్ది," అంది లాలిత్య. "ఈశ్వరికి అలాగే వచ్చింది."

కింద బండి కూత వేసింది. హైమకు లెక్క అర్థమైంది. భయం మాత్రం రవ్వంతైనా తగ్గలేదు. గడియ తీసి, కూతురి చెయ్యి పట్టుకుని తానూ బండెక్కింది.

తరగతిలో ముప్పై రెండు మంది ఉండాలి. లాలిత్యతో కలిపి ముగ్గురే ఉన్నారు.

"అందరికీ ఇవాళ నూరో రోజేనండీ," అంది గుమ్మంలో సత్యవేణి టీచర్, పాలిపోయిన ముఖంతో. "తల్లులంతా అదే లెక్క వేసుకున్నారు. పిల్లల్ని లోపల పెట్టి, బయట తాళాలేసి, రొయ్యల షెడ్లకి వెళ్ళిపోయారని వచ్చిన పిల్లలు చెప్పారు. ఫోన్లు చేస్తుంటే ఎవరూ ఎత్తట్లేదు."

"మరి గండసూచి మొత్తుకోదా?"

టీచర్ గోడమీది తెర చూపించింది. ఇవాళ బండెక్కని ఇరవై తొమ్మిది మంది పేర్లు, ప్రతి పేరు పక్కనా అంకె మారి సున్నా. గండసూచికి తెలిసినవన్నీ బయటి గండాలే. పొయ్యి, నీళ్ళ డ్రమ్ము, బయట వేసిన తాళం దాని లెక్కలో లేవు. తల్లులు రోజులు కూడుకుంటారని దాన్ని చేసినవాళ్ళెవరికీ తట్టలేదు.

హైమ అప్పటికే రోడ్డెక్కింది. తట్టాల్సిన తలుపులు ఇరవై తొమ్మిది, మనిషి ఒక్కతే.

మీ పక్కింటికి ఇవాళ బయట తాళం ఉంటే ఒక్కసారి తట్టండి. లోపలి నుంచి బిడ్డ గొంతు వినబడేదాకా అక్కడి నుంచి కదలకండి.