పక్క సీటు బ్రేకు

నాకు నోరెక్కువ అంటారు అందరూ. ఉన్నమాటే. బండి నేర్పేవాళ్ళకు నోరు లేకపోతే కుదరదు. మా ఆయనకు మాత్రం నోటితో పనిలేదు, కాలు చాలు.

మాది డ్రైవింగ్ స్కూలు. మా బండిలో పక్క సీటు ముందు కూడా క్లచ్చు, బ్రేకు ఉంటాయి. కింద నుంచి ఒక ఇనపకడ్డీ వాటిని డ్రైవరు పెడల్స్‌తో కలుపుతుంది. నేర్పేవాడు ఇక్కడ తొక్కితే అక్కడ బ్రేకు పడుతుంది. మా ఆయన దాంతోనే మాట్లాడేవాడు. నేర్చుకునేవాళ్ళ పాదం కింద ఒకసారి తట్టినట్టయితే 'నెమ్మది' అని. రెండుసార్లయితే 'నేనున్నాలే, భయపడకు' అని. ముప్ఫై ఏళ్ళు దాటినవాళ్ళు కూడా ఆ రెండు తట్లకు చిన్నపిల్లల్లా కుదుటపడేవాళ్ళు.

ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఓ సోమవారం పొద్దున, కొత్తగా నేర్చుకుంటున్న ఒక నర్సు మలుపు దగ్గర కంగారుపడి, బ్రేకు అనుకుని యాక్సిలరేటరు తొక్కేసింది. బండి వెళ్ళి కల్వర్టు గోడకు గుద్దుకుంది. ఆ అమ్మాయికి చెయ్యి విరిగింది. మా ఆయన కూర్చున్న వైపు మొత్తం నలిగిపోయింది.

"సారు బ్రేకు తొక్కారమ్మా... రెండు కాళ్ళతో తొక్కారు... ఆగలేదు," అని ఆ అమ్మాయి ఆస్పత్రి మంచం మీద ఒకటే ఏడుపు. నేను ఊరుకున్నానా? చంపింది చాలక చచ్చినవాడి మీద నెపం వేస్తావా అని వార్డంతా వినపడేలా తిట్టిపోశాను. బండి చూసిన ఆఫీసరు కూడా పక్క బ్రేకు బాగానే ఉందని రాశాడు. కేసు కోర్టుకెక్కింది. ఆ బ్రేకు పనిచేసేదని స్కూలు తరఫున నేను సాక్ష్యం చెబితే నర్సుకు జైలు. లేదంటే లేదు.

ఇప్పుడు చెప్పేది ఆ సాక్ష్యానికి ముందురోజు సంగతి.

సాయంత్రం నాలుగింటికి మా తమ్ముడు బండి తీసుకొచ్చాడు. వాడు మెకానిక్కు. ఆయన పోయినప్పుడు నాకంటే ఎక్కువ ఏడ్చినవాడు. పోలీసుల దగ్గర్నుంచి బండి విడిపించి, ఒక్కో రేకూ సరిచేసి, మళ్ళీ స్కూలు నడుపుకోమన్నవాడు. వీడు లేకపోతే నేనేమైపోయేదాన్ని అని ఎంతమందితో అన్నానో లెక్కలేదు.

"ఒరేయ్, ఒక రౌండు వేద్దాం పద. పక్క సీట్లో నేను కూర్చుంటా. రేపు ఒట్టేసి చెప్పాలి కదా, ఒకసారి నా కాలితో తొక్కి చూస్తా," అన్నాను.

"వానొచ్చేలా ఉందక్కా. రేపు కోర్టయ్యాక చూద్దాంలే."

"కోర్టయ్యాక చూసి ఏం చేసుకోను, నీ మొహం! ఎక్కు."

వాడు ఎక్కాడు. నాకు ఎదురు చెప్పడం వాడికి చిన్నప్పట్నుంచీ చేతకాదు.

ఊరి బయట రోడ్డు ఖాళీగా ఉంది. మబ్బు పట్టి, నాలుగింటికే దీపాలు పెట్టే వేళలా ఉంది. సన్నగా జల్లు మొదలైంది. వైపరు అద్దాన్ని గీరుతోంది. కొత్త రంగు వాసన, కొత్త సీటు వాసన. వాటి అడుగున ఇంకొకటి... మోకాలి నొప్పికి మా ఆయన రాసుకునే మందు వాసన. సీటు కవరు దగ్గర్నుంచి కాలి కింద మ్యాటు దాకా అన్నీ మార్చాడు వీడు. మరి ఎక్కణ్ణుంచి వస్తోంది?

"తొక్కనా?" అన్నాను.

"ఇక్కడొద్దక్కా. రోడ్డు తడిగా ఉంది, జారుతుంది."

సరేనని కాళ్ళు రెండూ సీటు కిందికి ముడుచుకున్నాను. అప్పుడు జరిగింది. నా ముందున్న బ్రేకు పెడల్... దానంతటదే... మెల్లగా కిందికి దిగింది. బండి ఆగిపోయింది.

"అక్కా, ఏంటది?"

"నేను కాదురా."

మళ్ళీ కదిలాం. పాతిక గజాలు కూడా వెళ్ళలేదు. నేను కళ్ళార్పకుండా పెడల్‌నే చూస్తున్నాను. అది దిగింది. లేచింది. మళ్ళీ దిగింది. బండి రెండుసార్లు చిన్నగా ఊగింది.

రెండు తట్లు.

అబద్ధమెందుకు చెప్పను, ముందు నాకు భయం వెయ్యలేదు. ఏడుపొచ్చింది. "ఏమండీ..." అన్నాను.

తమ్ముడు మాత్రం చెమటతో తడిసిపోయాడు. "నాటకాలాడకక్కా! నువ్వు తొక్కినా ఆగదది! పిన్ను నా జేబులోనే ఉంది!" అని అరిచాడు.

అరిచాక నాలిక్కరుచుకున్నాడు.

వైపరు గీరుతూనే ఉంది.

"ఏ పిన్నురా?"

వాడి చొక్కా జేబులోకి చెయ్యి పెట్టి తీశాను. వేలెడంత ఇనుప పిన్ను. పక్క పెడల్‌ను కడ్డీకి కలిపేది. అది లేకపోతే ఎంత తొక్కినా పెడల్ ఊరికే నేలకు తగులుతుంది.

"ఎందుకు తీశావు?"

"బండి... ఊరికూరికే ఆగుతోందక్కా. నేనొక్కణ్ణే ఉన్నా ఆగుతోంది. అందుకని పొద్దున తీసేశా. అయినా ఆగుతోంది."

"దీన్ని తీస్తారని కూడా నాకు తెలీదే. ఇంతకుముందు ఎప్పుడైనా తీశావా?"

వాడు స్టీరింగు మీద తల పెట్టేశాడు. ఆదివారాలు మా బండి వాడే తీసుకెళ్ళేవాడు, పెళ్ళాం పిల్లల్ని తిప్పడానికి. పక్క సీట్లో మరదలి కాళ్ళకు పెడల్స్ అడ్డమొచ్చేవట. తెలియక తొక్కితే ప్రమాదమని వాడు పిన్నులు తీసేసి, సోమవారం తెల్లారగానే పెట్టేసేవాడట.

"ఆ సోమవారం..." అన్నాను.

"మర్చిపోయా."

మర్చిపోవడం మనుషులకే కదా. అంతవరకే అయితే, ఏమో, ఎన్నేళ్ళకో క్షమించేదాన్ని. కానీ వాడు ఆగలేదు. కక్కేస్తున్నట్టు చెప్పుకుపోయాడు. కల్వర్టుకు దగ్గర్లోనే వాడి షెడ్డు; గుద్దుకున్న చప్పుడు విని అందరికంటే ముందు చేరింది వాడేనట. నర్సు స్పృహలో లేదట. వాడు అంబులెన్సుకు ఫోన్ చెయ్యకుండా, కింద దూరి, పిన్నులు బిగించాడట.

"ఎంతసేపు?"

"పది నిమిషాలు."

"అప్పటికి ఆయన..."

"ఉన్నాడక్కా." గుసగుసగా అన్నాడు. "కాళ్ళు ఇరుక్కుపోయి ఉన్నాయి. బావ కాళ్ళ మధ్యలోనే నా చేతులు. నన్ను చూస్తూనే ఉన్నాడు. 'చిన్నోడా' అన్నాడు ఒకసారి."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఎనిమిది నెలలు ఈ చేత్తోనే వాడికి అన్నం పెట్టాను. వాడి మాట నమ్మి, ఏ పాపం ఎరగని పిల్ల ఉసురు పోసుకున్నాను. నేర్చుకునేవాళ్ళు తప్పు తొక్కుతారనే కదా రెండో బ్రేకు పెట్టేది!

"దిగు," అన్నాను.

"ఎవరితోనూ అనకక్కా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"ముందు దిగరా!"

వాడు తలుపు తీశాడు. ఒక కాలు బయట పెట్టాడు. రెండోది రాలేదు.

"అక్కా... కాలు..."

వంగి చూశాను. వాడి రెండో పాదం బ్రేకు మీద బల్లపరుపుగా అణిగిపోయి ఉంది. వేళ్ళు తెల్లబడుతున్నాయి. పైనుంచి ఎవరో బరువైన మనిషి తన కాలు వేసి తొక్కిపెట్టినట్టు. మందు వాసన గుప్పుమంది.

"చెప్పక్కా... బావకు చెప్పు... నువ్వు చెబితే వదిలేస్తాడు..."

నిజమే. ఇరవై ఏళ్ళ కాపురంలో నేను ఒక మాటంటే ఆయన కాదన్నది లేదు. 'వదిలెయ్యండి' అంటే చాలు. వదిలేసేవాడే.

నేను అనలేదు.

దిగాను. పిన్ను గుప్పిట్లో పట్టుకుని వానలో నడిచాను. వెనకనుంచి "అక్కా... అక్కా..." అని మలుపు తిరిగేదాకా వినపడింది. తర్వాత వాన చప్పుడొక్కటే.

గంటలో పోలీసులతో తిరిగొచ్చాను. బండి అక్కడే ఉంది. తలుపులన్నీ మూసి ఉన్నాయి. బ్రేకు కింద వాడి చెప్పు ఒకటి ఉంది. వాడు లేడు.

మర్నాడు కోర్టులో ఉన్నదున్నట్టు చెప్పాను. కొన్నాళ్ళకు నర్సును వదిలేశారు. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని అందరిముందూ ఏడ్చాను. తమ్ముడు పారిపోయాడని పోలీసులు వెతుకుతున్నారు. మరదలు వారానికోసారి వస్తుంది. "వదినా, నిజం చెప్పండి, మీ తమ్ముడు ఎక్కడున్నాడు?" అని అడుగుతుంది. నాకేం తెలుసు అంటాను.

బండి స్టేషన్ ఆవరణలోనే పెట్టారు. మొన్న అక్కడి కానిస్టేబులు కబురు పెడితే వెళ్ళాను. "బ్యాటరీ తీసి స్టోరులో పెట్టామమ్మా. ఇదేంటో మీరే చూడండి," అన్నాడు.

వెనక రెండు బ్రేకు లైట్లూ ఎర్రగా వెలుగుతున్నాయి.

ముందుకెళ్ళి చూశాను. బండి ఖాళీ. ఎండకు అద్దాలన్నీ పొడిగా ఉన్నాయి. డ్రైవరు పక్క అద్దానికి మాత్రం లోపలివైపు ఆవిరి పట్టి ఉంది. నేను చూస్తుండగానే అది కాస్త తగ్గి, మళ్ళీ పట్టింది.