భూలక్ష్మి తలుపు తట్టిందెవరు?

ఫిల్మ్‌నగర్ గుట్ట వెనక వాలులో ఒక పాత డబ్బింగ్ హాలు ఉండేది. పొద్దుగూకాక దాని ముందు ఆటో ఆపిన మొనగాడు లేడు.

హైటెక్ సిటీ వైపు అద్దాల మేడలు ఎడాపెడా లేస్తున్న రోజులవి. జూబ్లీహిల్స్‌లో గజం జాగా కోసం జనం ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటున్నారు. ఆ హాలు జోలికి మాత్రం ఎవడూ రాలేదు. ఎందుకంటే— అక్కడ పుష్పవల్లి ఉంది.

పుష్పవల్లి హీరోయిన్లకి గొంతు అరువిచ్చే మనిషి. ఏదో ఏడుపు సీను... మైకు ముందు నిలబడి ఏడుస్తూ ఏడుస్తూ, డైలాగు సగంలో ఉండగానే కుప్పకూలిందట. మళ్ళీ లేవలేదట. మిగిలిన సగం చెప్పడానికి ఇప్పటికీ వస్తుందనీ, లోపల ఎవరూ లేనప్పుడు ఆడగొంతు వినిపిస్తుందనీ పాలవాడి దగ్గర్నుంచి ప్రొడ్యూసర్ దాకా అందరూ చెప్పేవాళ్ళే. చెవులారా విన్నవాడు మాత్రం ఎప్పుడూ ఇంకొకడే!

అలాంటి చోటికి మన వీరభద్రం గారు ఒంటరిగా వెళ్ళారు. ఇదంతా ఆయనే, తనని తానే తిట్టుకుంటూ చెప్పగా విన్నది. నేను కలిపింది కాస్త ఉప్పూ కారం.

వీరభద్రం గారిది మోతీనగర్. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యారు. నీటికాసుల జబ్బుతో చూపు పోయింది. ఎదురుగా వెలుతురుందో లేదో తెలుస్తుంది, అంతే. "దగ్గు వినిపించండి చాలు, మనిషెవరో చెప్పేస్తాను" అనేది ఆయన గొప్ప. దెయ్యాల మాటొస్తే పకపకా నవ్వేవారు. "దెయ్యం కనబడుతుందని మీరు భయపడాలి. నాకు మా ఆవిడే కనబడలేదు, అదేం కనబడుతుంది?" అని.

ఆయనకి పిచ్చి ఒక్కటే. పుస్తకాలు.

శ్రీనగర్ కాలనీలో చూపులేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి క్యాసెట్లు ఇచ్చే లైబ్రరీ ఒకటుండేది. సంచీ నిండా తెచ్చుకునేవారు. ఆయన టేపు రికార్డరుకి స్పీడు పెంచే చక్రం ఉంది. దాన్ని ఆ చివరికంటా తిప్పేసి, ఇంక ముట్టుకునేవారు కాదు. మొదట్లో గోలగోలగా ఉన్నా చెవి అలవాటు పడిపోయింది. "కళ్ళున్నవాళ్ళు వారం చదివే నవల నేను ఒక్క పూటలో అవగొడతాను, తెలుసా?" అని కాలరెగరేసేవారు. అదేదో పరుగు పందెం అయినట్టు!

అన్నిట్లోకీ ఆయన ప్రాణం విశాలాక్షి గారి నవల. నాలుగు భాగాలు. రచయిత్రే స్వయంగా చదివింది. ఆయన చెవికి ఆ గొంతు పదహారేళ్ళ పిల్లది. గలగలా, గబగబా, ఎంత చలాకీ!

మూడో భాగం చివర— హోరున వాన. ఇంట్లో భూలక్ష్మి ఒక్కతే. ఎవరో తలుపు తట్టారు... టక్. క్యాసెట్ అయిపోయింది.

నాలుగో భాగం లేదు. "అమ్మగారి గొంతు సహకరించడం లేదండీ. వేరే ఎవరైనా చదువుతారో, అసలు లేనేలేదో" అన్నారు లైబ్రరీలో. అచ్చు పుస్తకం తెప్పించి కూతురు వర్ణికని బతిమాలారు. ఆ పిల్లది కాల్ సెంటర్ ఉద్యోగం. దీపాలు పెట్టే వేళకి క్యాబెక్కి, తెల్లారి దిగి పడుకుంటుంది. పుస్తకం తెరిచి నాలుగు ముక్కలు చదివిందో లేదో గురకపెట్టింది. మధ్యలో లేచి, "తట్టింది మొగుడే అయ్యుంటాడులే నాన్నా" అంది. ఆయనకి ఒళ్ళు మండిపోయింది. నెలల తరబడి అన్నం సయించలేదంటే నమ్మండి. తట్టిందెవరు?

అప్పుడు కబురొచ్చింది. శనివారం సాయంత్రం విశాలాక్షి గారు శ్రోతలతో మాట్లాడతారు. ఎక్కడా? ఆ డబ్బింగ్ హాల్లో. దెయ్యం పుణ్యమా అని కిరాయి లేకుండా దొరికింది మరి!

ఆవిడ కాళ్ళు పట్టుకునైనా నాలుగో భాగం ఆవిడ చేతే చదివించాలి. అంతే. గంజి పెట్టిన చొక్కా తొడిగారు. జుట్టుకి రంగేయించుకున్నారు. వర్ణిక చూసి, "పుస్తకం గురించి మాట్లాడ్డానికా నాన్నా, పెళ్ళిచూపులకా?" అంది.

తొందరెక్కువై గంట ముందే బయల్దేరారు. ఆటో తోలే భిక్షం గేటుకి ఇవతలే ఆపేశాడు.

"గీడనే దిగు సార్. లోపటికి నేను రాను. పుష్పవల్లి ఉంటది."

"ఉంటే ఉండనీవోయ్. పలకరించి వస్తాను."

"నవ్వకు సార్... జర పైలం" అని గొణిగి, బండి తిప్పుకుని మాయమయ్యాడు.

చేతికర్ర టకటకలాడించుకుంటూ లోపలికెళ్ళారు. తలుపు నెట్టగానే బయటి రోడ్డు చప్పుడు ఎవరో కోసేసినట్టు ఆగిపోయింది. కాళ్ళ కింద మెత్తటి తివాచీ. కర్ర చప్పుడు కూడా వినబడటం లేదు. ఫ్యాను లేదు. ఎటు తిరిగినా వెలుతురు జాడ లేదు. కటిక చీకటి.

"ఎవరండీ... లోపల?"

చెయ్యి చాచి గాల్లో తడుముకున్నారు.

గుండె కాస్త జోరందుకుంది. ఏం లేదు, మెట్లెక్కిన ఆయాసం అనుకున్నారు. మెట్లు లేవు.

అప్పుడు— ఆ చీకట్లోంచి— ఒక ఆడగొంతు. నెమ్మదిగా... బరువుగా... నూతిలోంచి వచ్చినట్టు.

"ఎవరది?... అక్కడే... నిలబడు."

వీరభద్రం గారు ఎత్తిన అడుగు ఎత్తినట్టే ఆపేశారు. "నిలబడ్డానమ్మా" అన్నారు.

"ఇన్నేళ్ళూ... ఎక్కడున్నావు?"

"మోతీనగర్‌లో అమ్మా..."

"నువ్వొస్తావని... నాకు తెలుసు. ఈ గడప దాటావో... మళ్ళీ వెళ్ళనివ్వను."

"అమ్మో! దెయ్యం! పుష్పవల్లీ!" అని కర్ర వదిలేసి వెనక్కి పరిగెత్తారు. ఎటు వెనక్కో తెలిస్తేగా! మడత కుర్చీల వరస మీద బోర్లాపడ్డారు. గంజి చొక్కా అంతా నలిగింది.

ఠక్కున లైట్లు వెలిగాయి. ఎవరో కుర్రాడు నవ్వాపుకుంటూ చెయ్యందించాడు. "లేవండి సార్. నేను పృథ్వీరాజ్‌ని, రికార్డింగ్ చేసేవాణ్ణి. ట్యూబ్‌లైట్ల గుయ్యిమనే రొద టేపులోకి వస్తుందని ఆర్పేశాం. ఉక్కగా ఉందని అమ్మ రికార్డింగ్ గది తలుపు ఓరగా తీసుకుని, చిన్న దీపం వెలుగులో చదువుతున్నారు. మీరొచ్చింది అమ్మకి వినబడలేదు. కొంచెం చెవుడు."

"అమ్మంటే?"

"విశాలాక్షి గారు. గొంతు నిలుస్తుందో లేదోనని నాలుగో భాగం మొదటి పేజీ చదివి చూస్తున్నారు."

అక్కడైనా నోరు మూసుకోవచ్చుగా! ఊహూఁ. "ఆవిడ కాదయ్యా! విశాలాక్షి గారి గొంతు నాకు తెలీదా? దగ్గు వింటే మనిషిని చెప్పేస్తాను నేను! అది దెయ్యం గొంతే!" అని గట్టిగా అరిచారు.

ఈ మాట మాత్రం ఆవిడకి వినబడింది.

గదిలోంచి కాగితాలు సర్దుతున్న చప్పుడు. "విన్నావుగా పృథ్వీ. నా గొంతుకి జనం పారిపోతున్నారు. నాలుగో భాగం వేరే ఎవరిచేతైనా చదివించుకోండి నాయనా" అంది ఆ బరువైన గొంతు.

వీరభద్రం గారి పై ప్రాణాలు పైనే పోయాయి. ఇన్నాళ్ళూ దేని కోసం కొట్టుకున్నారో అది ఆయన నోటి మూలంగానే గడప దాటి వెళ్ళిపోతోంది. ఏం చెయ్యాలో తోచక సంచీ తడిమి, ఆవిడ మాటలు పట్టుకుందామని తెచ్చుకున్న టేపు రికార్డరు తీశారు. "నేను విన్నది ఇదమ్మా! మీరే వినండి!" అని అరిచి మూడో భాగం నొక్కారు.

హాలంతా కిచకిచ. భూలక్ష్మి మొగుడి కోసం ఏడుస్తోందో, వంటింట్లో ఎలుకల్ని తరుముతోందో తెలియని గోల.

ఆవిడ నవ్వింది. ముందు చిన్నగా... తర్వాత కుర్చీ కిర్రుమనేలా. "ఇదా మీరు విన్నది? మూడు భాగాలూ?"

"రెండేసి సార్లు" అన్నారాయన, తలొంచుకుని.

ఆవిడ దగ్గరికొచ్చి, చక్రం వెనక్కి తిప్పి మళ్ళీ నొక్కింది. అదే భూలక్ష్మి, అదే వాన. కానీ ఇప్పుడు మాటకీ మాటకీ మధ్య ఆగడం ఉంది. ఆ ఆగడంలో భూలక్ష్మి ఊపిరి బిగబట్టడం వినబడుతోంది. వీరభద్రం గారికి సిగ్గేసింది. కళ్ళు చెమ్మగిల్లాయి కూడా. "ఇలా చదివారా తల్లీ మీరు? ఇదంతా నమలకుండా మింగేశానా నేను?"

"నాలుగోది చదువుతాను. కానీ ఆ చక్రం ముట్టుకోనని మాటివ్వాలి" అంది ఆవిడ.

ఇచ్చారు. ఆవిడ ఏ పుస్తకం చదువుతూ ఎక్కడ ఎందుకు ఆగిందో ఆ సాయంత్రమంతా శ్రోతలకి చెబుతుంటే, ముందు వరసలో నలిగిన చొక్కాతో కూర్చుని నోరు మెదపకుండా విన్నారు.

"ఇందాక రికార్డు చేసిన పేజీ చెరిపెయ్యనా అమ్మా?" అని పృథ్వీరాజ్ అడగడం చెవిన పడింది. "ఉండనీ, బాగానే వచ్చింది" అంది ఆవిడ. ఆయనకదేం పట్టలేదు.

కొన్నాళ్ళకి నాలుగో భాగం వచ్చింది. వీరభద్రం గారు తలుపులేసుకుని, చక్రం జోలికి పోకుండా, మొదటి క్యాసెట్ పెట్టారు.

వాన. చీకటి. విశాలాక్షి గారి గొంతు... "ఎవరది?... అక్కడే... నిలబడు."

ఆ వెనకే— దూరంగా— వణుకుతూ— ఎవరిదో మగగొంతు. సన్నగా, పీలగా. ఈ లోకపు మనిషిది కాదు.

"నిలబడ్డానమ్మా..."

ఆయన గబుక్కున టేపు ఆపేశారు. విశాలాక్షి గారు మగగొంతు పెట్టరే! ఆ గదిలో ఇంకెవరున్నారు? అంటే... నిజంగానే ఆ హాల్లో...

"వర్ణికా! అమ్మా! లే! టేపులో ఎవరో ఉన్నారే!"

పగటి నిద్రలోంచి లేచొచ్చిన వర్ణిక ఆవలిస్తూ టేపు వెనక్కి తిప్పి వింది. మళ్ళీ తిప్పి వింది. తర్వాత మంచం మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఇన్నాళ్ళూ తట్టిందెవరు, తట్టిందెవరు అని ప్రాణం తీశావు. తట్టింది నువ్వే నాన్నా!"