అలిగిన మద్ది తలుపు

ఏరువాడ కోటతలుపు అలిగింది. తలుపులు అలుగుతాయా అని అడగకండి. అది అలిగింది, అంతే. కొత్తగా బిగించి మూసిన తలుపు మళ్ళీ తెరుచుకోలేదు. పట్టపుటేనుగు బయటినుంచి నుదుటితో నెట్టి, తలనొప్పి తెచ్చుకుని, శొంఠి పట్టు వేయించుకుని పడుకుంది. రాజు, పరివారం, తలుపు చేసిన వడ్రంగి సోమన్న అందరూ లోపలే చిక్కుకున్నారు. గాదెల్లో గింజలు అడుగంటుతున్నాయి.

సోమన్న కూతురు పైడి బయటినుంచి తలుపు సందులో నోరుపెట్టి, "ఏం చేశావయ్యా దీన్ని?" అని అడిగింది.

"ఏటి ఒడ్డున మద్దిమాను కొట్టామమ్మా. ముందు గొడ్డలి వెనకవైపుతో తట్టి, మానులో కాపురమున్నవాళ్ళు బయటికొచ్చేదాకా ఆగాలి కదా. రాజుగారు తొందరపెట్టారు. తట్టలేదు."

పైడి అడవికి బయలుదేరింది. ఇప్పచెట్ల కింద పూలు ఏరుకు తింటున్న ఎలుగుబంటి అడ్డం నిలబడి, "ఎవతివే?" అంది.

"మద్దిమాను కొట్టినవాడి కూతుర్ని, మామా."

"అబద్ధమాడితే నమిలేసేవాణ్ణి. నిజం చెప్పి నా నోరు కట్టేశావు. అటు పో."

ఏటి ఒడ్డున మాను పైముక్క పడి ఉంది. దాని తొర్రను ఎవరో మట్టితో పూడ్చినట్టుంది. సన్నటి సందులోంచి ఒక ముక్కు కొన మాత్రం కనబడుతోంది. పక్కన మేడిపండు పట్టుకుని కొమ్ముముక్కు పిట్ట కూర్చుంది.

"మా ఆడది తొర్ర మూసుకుని పిల్లల్ని సాకుతోంది. ఈ తొర్ర తెరుచుకునేదాకా రాజు తలుపూ తెరుచుకోదు. నా శాపమే అది" అంది పిట్ట.

టేకుచెట్ల చాటునుంచి ఒక రాక్షసుడు వచ్చాడు. "ఆ తొర్ర మట్టి ఊడేలా ఒక్క గుద్దు గుద్దనా పిల్లా? మీ అయ్య ఈ పూటే ఇంటికొస్తాడు."

పైడికి ఆశ పుట్టింది. ఇంతలో లోపల పిల్లలు కిచకిచమన్నాయి.

"ఈకలు రాని పసికూనలు. వద్దు. నీకంత బలముంటే మాను నిలబెట్టు, చూద్దాం."

రాక్షసుడికి రోషం వచ్చింది. రొప్పుతూ మానును నిలబెట్టి టేకుకు ఆనించాడు. పైడి మేడిపండ్లు కోసి సందులో అందిస్తూ కూర్చుంది. సణుగుతూనే వాడూ బుట్టలు మోశాడు.

ఒక పొద్దున తల్లిపిట్ట మట్టి పొడుచుకుని బయటికి వచ్చింది. వెనకే పిల్లలు ఎగిరాయి. అక్కడ కోటలో తలుపు కిర్రుమంది.

పైడి పరుగెత్తుకు వచ్చేసరికి సోమన్న చిక్కి సగమై గడపలో నిలబడ్డాడు. "మన ఇంటి తలుపు తీసే ఉందా అమ్మా?"

"నువ్వొచ్చేదాకా మూస్తానా అయ్యా."

రాజు అర్ధరాజ్యం ఇస్తానన్నాడు. పైడి అడవి చాలంది. ఆనాటినుంచి ఆమె తట్టి, ఆగి, సరేననందే అక్కడ గొడ్డలి లేవలేదు. రాజు మాత్రం తన పడకగది తలుపును కూడా తట్టి, కాసేపు ఆగి గాని లోపలికి వెళ్ళడు. లోపల ఎవరూ లేకపోయినా సరే.