వేలి మొదటి కదలిక

పెళ్లి భోజనాల దగ్గర ఆకు పక్కన టచ్‌స్క్రీన్ పెట్టడం మొదలయ్యాక, విశాఖలో అతిథులు అర్ధాకలితో ఇళ్లకు పోతున్నారు. 'ఇంకో గారె?' అని స్క్రీన్ అడుగుతుంది. మన వేలు అలవాటుకొద్దీ ముందు 'వద్దు' వైపు జరుగుతుంది. అంతే, వడ్డించేవాడు పక్క ఆకు దగ్గరికి వెళ్లిపోతాడు. మొహమాటం గురించి మెషీన్‌కేం తెలుసు, దాని మొహం.

ఈ ఘనకార్యం ఆ స్క్రీన్ మెనూ తయారుచేసిన ఇంజనీరు ఫణీంద్రది. పాత మెనూలో స్క్రీన్ మీద వేలు నొక్కి పట్టుకుంటే చుట్టూ మాటలు విచ్చుకునేవి. కావలసిన మాట మీదికి వేలు జార్చి ఎత్తితే, అది ఎంపికయ్యేది. మధ్యలో మనసు మారితే వెనక్కి జారొచ్చు. ఫణీంద్ర ఆ జాగు తీసేశాడు. వేలు కదలగానే ఎటు పోతుందో లెక్కగట్టి, అతని కొత్త మెనూ అప్పటికప్పుడే ఎంచేస్తుంది. నోరు అబద్ధమాడొచ్చు గానీ వేలి మొదటి కదలిక అబద్ధమాడదని అతని నమ్మకం.

తెనాలిలో ఉన్న అతని అక్క రాజ్యలక్ష్మికి గొంతు కేన్సర్ అని తేలింది. ఆపరేషన్ చేస్తే ప్రాణం దక్కుతుంది గానీ, ఇక మాట రాదన్నారు డాక్టర్లు. ఆపరేషన్‌కి ముందే రానా అక్కా అని ఫణీంద్ర ఆమె ఫోన్‌కి తన మెనూ పంపించి అడిగాడు. 'వద్దు' అని జవాబొచ్చింది. ల్యాబ్‌లో తలమునకలుగా పని. అక్క మనసులో ఉన్నదే వచ్చిందనుకుని ఊరుకున్నాడు, వెర్రిబాగులవాడు. ఒక్కసారి ఫోన్ చేసి ఆ గొంతు విన్నా బాగుండేది.

ఆపరేషన్ అయ్యాక వెళ్లాడు. పక్కింటి సుభద్రమ్మ గుమ్మంలోనే ఆపింది. అక్క ఆస్పత్రికి బయల్దేరేదాకా వీధిలోకి చూస్తూనే ఉందట, మాట పోయేలోగా తమ్ముడితో తనివితీరా మాట్లాడాలని.

"రావద్దంది కదండీ," అన్నాడు ఫణీంద్ర.

"అడగ్గానే రమ్మనేస్తుందా బాబూ? రెండోసారి అడుగుతావనుకుంది."

లోపల అక్క మెడకు కట్టుతో మంచం మీద కూర్చుని ఉంది. ఇప్పుడామె మాటలన్నీ తమ్ముడి మెనూలోంచే రావాలి. ఫోన్ ఆమె చేతికిచ్చి, తల దించుకుని అడిగాడు.

"నా మీద కోపమా అక్కా?"

ఆమె వేలు కదిలింది. "లేదు," అంది ఫోన్, ఎవరిదో చక్కటి ఆడగొంతుతో.

ఫణీంద్ర తలెత్తాడు. అక్క వేలు ఇంకా ఆగలేదు. అద్దం మీద మెల్లగా వెనక్కి తిరిగి, ఇందాక 'అవును' ఉన్న చోటికి వచ్చి ఆగింది. మెనూ ఎప్పుడో మూసుకుపోయింది.

రెండోసారి అడగడానికి అతనికి ధైర్యం చాలలేదు.