చేటలో పడిన మూడు అక్షరాలు

తను గాఢనిద్రలో ఉండగా పాప ఏడిస్తే వినపడదేమో. ఏజెంట్ పిట్టకు అన్నిటికన్నా పెద్ద భయం అదే. తుపాకులంటే కూడా అంత భయం లేదు.

ఆ మధ్యాహ్నం బాస్ ఫోన్ చేసి నాలుగు ముక్కల్లో చెప్పాడు. విదేశీ ముఠాలో మన మనిషిగా ఉన్న పెద్దక్క ప్లేటు ఫిరాయించింది. ఆవిడ రమ్మన్న చోటికి వెళ్లిన మనవాళ్లిద్దరు తిరిగి రాలేదు. అయిదింటికి, ఆవిడ ఉండే చోటికి ఎదురు మేడ మీది షూటర్ ఆవిడ పని ముగిస్తాడు. ఆవిడ రోజూ కంప్యూటర్‌కి పంపిన ఉత్తరాలన్నీ పిట్ట ఫైల్లో పెట్టి మూసేయాలి.

పెద్దక్క అంటే ఎర్ర లిప్‌స్టిక్, హైహీల్స్, బట్టల కొట్టు మీద బ్యూటీ పార్లర్. చదువు మధ్యలో ఆగిపోయిన పిట్టను పక్కన కూర్చోబెట్టుకుని కంప్యూటర్ నేర్పింది ఆవిడే. కంప్యూటర్ దగ్గర మొహమాటమేంటే, పని చెప్పు అనేది.

అలా నేర్చుకుని పిట్ట రాసుకున్న చిన్న ప్రోగ్రాం పేరు చేట. ఒక్క లైను కమాండ్ కొడితే ఉత్తరాల్లోని కంటికి కనపడని అక్షరాలన్నీ చెరిగి పారేస్తుంది. ఎన్ని తీసేసిందో చివర్లో ఓ అంకె చూపిస్తుంది. దాన్ని ఎవరూ చదవరు, పిట్టతో సహా.

ఇవాళ చదివింది. మూడు. నిన్నటి ఉత్తరంలోనూ మూడే. పంతొమ్మిది రోజులుగా రోజుకు మూడే. చెత్త ఎక్కడైనా లెక్క ప్రకారం పడుతుందా?

చేటను పక్కన పెట్టి అసలు ఉత్తరం తెరిచింది. తెర మీద ఎప్పటిలాగే 'అంతా క్షేమం'. కానీ కంప్యూటర్ మోగింది. టింగ్. టింగ్. టింగ్.

ఉయ్యాల్లో పాప ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది.

పిట్టకు అప్పుడు గుర్తొచ్చింది. కంప్యూటర్ అక్షరాల పట్టికలో ఏడో నంబరుది తెర మీద పడదు, గంటలా మోగుతుంది. తలకి తుపాకీ పెట్టి రాయిస్తే మూడుసార్లు మోగిస్తాలేవే అని పెద్దక్క ఒకసారి నవ్వుతూ అంది. కంప్యూటర్ చప్పుడు చేస్తే పాప లేస్తోందని, వచ్చే ప్రతి ఉత్తరాన్నీ చేటలో పోసింది తనే.

నాలుగూ యాభై తొమ్మిది.

"బాస్, షూటర్‌ని ఆపండి. ఆవిడ మనల్ని పిలుస్తోంది."

"ఎప్పట్నుంచి?"

"పంతొమ్మిది రోజుల్నుంచి. నేనే వినపడకుండా చేశాను."

ట్రిగ్గర్ మీద వేలు ఆగింది. మన మనిషిని మన చేతే చంపించాలన్న ముఠా ప్లాన్ బెడిసికొట్టింది. లేకపోతే వాళ్లకో తూటా ఖర్చు కూడా మిగిలేది.

కానీ షూటర్ చూస్తుండగానే పార్లర్ కిటికీకి కర్టెన్ పడింది, ఆవిడ ఇక కనపడలేదు. మనవాళ్లు అక్కడికి చేరాలంటే ఇంకా నలభై నిమిషాలు. మీరు ఆ చుట్టుపక్కల ఉంటే, కొట్టు పక్క మెట్లెక్కి, జుట్టు కత్తిరించుకోవాలని చెప్పి, ఆవిడ ఎలా ఉందో ఒకసారి చూసి రండి.