తాతయ్య సూపులో రెండు గరిటెలు

హలో పిల్లలూ, వినబడుతోందా? వెనకాల ఆ టీవీ సౌండు కాస్త తగ్గించండి. ఆఁ, ఇప్పుడు బాగుంది. నేను మీ బాబాయినే. ఇవాళ ఒక సూపు కథ చెబుతాను.

ఆదివారం మధ్యాహ్నం. స్టవ్ మీద సూపు కుతకుతా ఉడుకుతోంది. దాని ముందు స్టూలు, స్టూలు మీద పదేళ్ళ అమ్మాయి. గుండ్రంగా, చిన్నగా ఉంటుందని ఇంట్లో ఆమెను బఠాణీ అంటారు.

ఆ ఇంట్లో రోజూ వండేది తాతయ్య. ఒకప్పుడు టైలరు. ఇప్పుడు కత్తెర పక్కన పెట్టి గరిటె పట్టాడు. నలభై ఏళ్ళ కిందటే మాంసం మానేశాడు. అమ్మ మాత్రం తింటుంది. దాని మీద గొడవేం లేదు. ఫ్రిజ్‌లో కింది అర తాతయ్యది, పై అర అమ్మది, అంతే.

వారం నుంచి తాతయ్యకు జలుబు. నోటికి ఏదీ రుచించడం లేదు. అందుకే పొద్దున బఠాణీ అంది, "తాతయ్యా, ఇవాళ సూపు నేను చేస్తా."

"చెయ్యి తల్లీ. ఉల్లిపాయలు మాత్రం సన్న సెగ మీద ఎర్రగా వేగనివ్వు. తొందరపడకు. రుచంతా అక్కడే ఉంటుంది."

మన బఠాణీకి అంత ఓపిక ఎక్కడిది? రెండు నిమిషాలు వేయించి, క్యారెట్లు, బంగాళాదుంప పడేసి, నీళ్ళు పోసేసింది. ఇప్పుడు స్పూనుతో రుచి చూసింది. క్యారెట్లు వేడినీళ్ళలో స్నానం చేస్తున్నట్టే ఉంది.

ఏం చెయ్యాలి? ఫ్రిజ్ తెరిచింది. పై అరలో నీలం మూత డబ్బా. అందులో అమ్మ నిన్న చేసుకున్న చికెన్ సూపు.

'రెండు గరిటెలేగా. ముక్కలు కూడా రావు' అనుకుంది. కలిపేసింది.

తాతయ్య మంచం మీద దిండుకు ఆనుకుని, మెడకు తువ్వాలు చుట్టుకుని సూపు తాగాడు. ఒక స్పూను. రెండో స్పూను. కళ్ళు పెద్దవయ్యాయి.

"ఏమ్మా, ఇటు రా," అని అమ్మను కేకేశాడు. "నీ కూతురు నన్ను రిటైర్ చేసేసింది."

అమ్మ పక్కగదిలో బట్టలు ఇస్త్రీ చేస్తోంది. "మీరు రిటైరైతే మాకు పస్తులే నాన్నా," అంది అక్కడి నుంచే.

తాతయ్య దిండు కింద నుంచి పాత నోటుబుక్కు తీశాడు. ఒకప్పుడు అందులో చొక్కాల కొలతలు ఉండేవి. ఇప్పుడు కూరల కొలతలు.

"నీ చేత్తో రాయి. రేపటి నుంచి నేనూ ఇలాగే చేస్తా."

బఠాణీ పెన్సిలు తీసుకుంది. క్యారెట్లు మూడు. బంగాళాదుంప ఒకటి. ఉల్లిపాయలు రెండు. మిరియాలు, ఉప్పు. పెన్సిలు ఆగిపోయింది.

"ఇంకా?" అన్నాడు తాతయ్య, మళ్ళీ స్పూను ముంచుతూ.

'ఇంతే' అనబోయింది. స్పూను తాతయ్య నోటి దాకా వెళ్ళింది. చటుక్కున గిన్నె లాగేసుకుంది. సగం సూపు తువ్వాలు మీద ఒలికింది. అప్పుడు వంచిన తల ఎత్తకుండా చివరి వరస రాసింది: అమ్మ డబ్బాలోంచి రెండు గరిటెలు.

తాతయ్య చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. లేచి వెళ్ళి చాలాసేపు నోరు పుక్కిలించి వచ్చాడు. అమ్మ ఇస్త్రీ ఆపి వచ్చి, ఆ వరస చదివి కోప్పడబోతే, వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎందుకు కలిపావే?"

"చప్పగా ఉంది. నీకు నచ్చాలని."

"నన్ను అడగొచ్చుగా."

"అడిగితే వద్దంటావుగా."

"అందుకేనమ్మా అడగాలి," అన్నాడు తాతయ్య మెల్లగా.

సాయంత్రం బఠాణీ ఉడికించిన బంగాళాదుంప ప్లేటులో తెచ్చి ఇచ్చింది. తాతయ్య దాన్ని నోట్లో పెట్టుకునే ముందు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక్క క్షణమే. కానీ బఠాణీ చూసింది. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

మళ్ళీ ఆదివారం వచ్చింది. జలుబు తగ్గిన తాతయ్య వంటింటికి వస్తే, గుమ్మం దగ్గర తన కుర్చీ వేసి ఉంది.

"ఇక్కడ కూర్చో. నేను వండుతా, నువ్వు చూడు," అంది బఠాణీ.

"నాకు కాపలా ఉద్యోగమా?"

"అవును. జీతం సూపు."

ఉల్లిపాయలు సన్న సెగ మీద వేసింది. ఐదు నిమిషాలు. పది. కాళ్ళు పీకితే ఈ కాలి మీంచి ఆ కాలి మీదకు మారింది.

"చాలా తాతయ్యా?"

"ఇంకొంచెం."

ఇరవై నిమిషాలకు ఇల్లంతా కమ్మటి వాసన. అమ్మ కూడా వచ్చి తొంగిచూసింది. ఆ తర్వాత గిన్నెలో ఏది వేసినా ముందు తాతయ్య ముందుకు తెచ్చి చూపించింది.

"క్యారెట్టు."

"చూశా."

"ఉప్పు."

"పంచదార కాదు కదా?"

"నాకి చూసుకో."

సూపు ఉడికింది. బఠాణీ స్పూనులో తీసి, ఊది, తాతయ్య దగ్గరికి తెచ్చింది. తాతయ్య కళ్ళు మూసుకుని నోరు తెరిచాడు.

"కళ్ళు తెరువు తాతయ్యా. ఏముందో చూసుకుని తాగు."

"చూడక్కర్లేదులే," అన్నాడు తాతయ్య కళ్ళు తెరవకుండానే. "వండింది నువ్వేగా."

అదీ కథ. ఫోన్ పెట్టేశాక ఒక పని చేయండి. మీ ఇంట్లో ఎవరు వండుతారో వాళ్ళ పక్కన కూర్చుని ఈ కథ చెప్పండి. ఉల్లిపాయలు వేగుతున్నప్పుడైతే మరీ మంచిది, కథ మొత్తం చెప్పేంత టైము ఉంటుంది.