రేకు మీద చెయ్యి

“దీపావళి లోపల ప్రతి చేతికీ రబ్బరు తొడుగు ఇస్తాను. ఇది నా మాట.”

దయామణిని పూడ్చిపెట్టి వస్తూ, సావుకారు బాలప్ప మా అందరి ముందూ అన్న మాట ఇది. పుంగనూరులో అతనిది సత్తు పళ్ళాలు చేసే షెడ్డు. యుద్ధం ముగిశాక వేలంలో కొన్న విమానాల రేకులు కుప్పం స్టేషనులో దిగి, బండ్ల మీద మా దగ్గరికి వస్తాయి. వాటి రంగూ జిడ్డూ వదలడానికి వెచ్చటి కాస్టిక్ సోడా తొట్టిలో ముంచి, రుద్ది తీయాలి. ఆ పని దయామణి వట్టి చేతులతో చేసింది. ఆమె వేళ్ళు మొదట సబ్బులా జారాయి. తర్వాత పుళ్ళయ్యాయి. తర్వాత చీము పైకి ఎక్కింది. ఇప్పుడు అక్క బిడ్డల్ని సాకడానికి అదే తొట్టి దగ్గర చెల్లెలు జయశీల నిలబడుతోంది.

దీపావళి వెళ్ళిపోయింది. తొడుగులు రాలేదు. శ్రమదోపిడీ, కార్మికుల హక్కు అంటూ నాకు తెలిసిన పెద్ద మాటలన్నీ బాలప్పకు అప్పజెప్పాను. అతను తొట్టి పక్కనే కూర్చుని నెయ్యన్నం తింటున్నాడు. వేళ్ళు నాకి, “బుక్కులు శానా సదివినావప్పా. నీ నినాదాలతో తోమితే రేకు తెల్లబడతాదేమో, సూడు” అన్నాడు. అతని గడ్డం మీది నెయ్యి, తొట్టి మీది తెట్టె ఒకే రంగు.

ఆ సాయంత్రం వాన. షెడ్డు తలుపులు మూశాం. ఆవిరి బయటికి పోలేక గొంతులో గీరుకుంది. దానిలో కుళ్ళిన కొవ్వు కంపు. కడిగిన రేకును పరీక్షించడం నా పని. రేకు మీద నీళ్ళు పోస్తాను. శుభ్రంగా ఉంటే నీళ్ళు పలచటి పొరలా అంతటా నిలుస్తాయి. జిడ్డు ఉన్నచోట పొర విడిపోతుంది. చేతి జిడ్డు అంటుతుందని కడిగిన రేకును ఎవరూ చేత్తో ముట్టరు, పటకారుతోనే పడతారు.

జయశీల రేకు పట్టుకుంది. నీళ్ళు పోశాను.

పొర నడుమ చెయ్యి ఆకారంలో చీలింది. అరచెయ్యి... తర్వాత వేళ్ళు...

“ముట్టుకున్నావా?”

“లేదన్నా. పటకారు చేతిలోనే ఉండాది సూడు.”

మళ్ళీ తొట్టిలో ముంచాం. ఆసిడ్ నీళ్ళలో ఆడించాం. కడిగాం. చెయ్యి ఈసారి ఇంకా స్పష్టంగా వచ్చింది. దాని అంచుల్లో పచ్చటి జిడ్డు ఊరుతోంది... చీములా. గుడ్డతో తుడిచాను. వెచ్చగా తగిలింది.

“అక్క,” అని గొణిగింది జయశీల. “అక్క వచ్చుండాదన్నా.”

నేనూ అదే అనుకున్నాను. లాంతరు దగ్గరికి తెచ్చాను. గుర్తులో చిటికెన వేలు లోపలికి వంగి ఉంది. దయామణి వేళ్ళు తిన్ననివి. ఆసుపత్రిలో ఆ చేతులకు గుడ్డ చుడుతుంటే పక్కనే ఉన్నాను.

జయశీల తన చెయ్యి రేకు ముందు చాపింది. చిన్నప్పుడు తిరగలి కింద నలిగిన చిటికెన వేలు... అదే వంకర.

“బొటనవేలు యాడన్నా?”

గుర్తులో బొటనవేలు ఉండాల్సిన చోట నీళ్ళు నిండుగా, నున్నగా నిలిచి ఉన్నాయి.

జయశీల బొటనవేలు ఇంకా ఆమె చేతికే ఉంది. కానీ ఈ ఉదయం దాని గోరు పక్కన చర్మం తెల్లగా మెత్తబడింది.

బాలప్పగారూ, అందరూ చదివేలా ఇదంతా రాసి మిమ్మల్నే అడుగుతున్నాను: రేపు కూడా ఆమె తొట్టిలో చెయ్యి పెట్టాలా? 1946 డిసెంబరు ఒకటో తేదీ లోపల నాకు జవాబు కావాలి.